పదాలు ఏ వరుసలో ఉన్నా దొరకాలంటే: సెర్చ్ ఇంజిన్‌లో ఏ పద్ధతిని ఎంచుకోవాలి?

"పాస్‌వర్డ్ మార్పు మొబైల్" అని ఒకరు, "మొబైల్ పాస్‌వర్డ్ మార్పు" అని మరొకరు, "మార్పు మొబైల్ పాస్‌వర్డ్" అని ఇంకొకరు టైప్ చేస్తారు. ముగ్గురికీ కావలసింది ఒకే సహాయ వ్యాసం. పదాల వరుసతో నిమిత్తం లేకుండా వెతకడమంటే ఇదేనని అందరూ ఒప్పుకుంటారు గానీ, తీరా అమలు చేయడానికి కూర్చున్నాక ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరువేరు కోరికలు ఉన్నాయని తెలుస్తుంది. మూడు పదాలూ పత్రంలో ఎక్కడో ఒకచోట ఉంటే చాలా? మూడింట రెండు ఉన్నా సరిపోతుందా? మూడూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలా? లేక ఏ వరుసలో ఉన్నా దొరకాలి గానీ, అడిగిన వరుసలోనే ఉన్న పత్రం అన్నిటికన్నా పైన కనిపించాలా? ఈ నాలుగింటికీ సెర్చ్ ఇంజిన్లలో వేరువేరు ఏర్పాట్లు ఉన్నాయి, ఒకదాని కోసం చేసిన అమరిక మరొకదానికి పనికిరాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక పత్రం ఫలితాల్లోకి రావాలా వద్దా అన్న నిర్ణయంలో వరుసను పూర్తిగా పక్కన పెట్టాలి; వచ్చిన పత్రాల్లో ఏది పైన ఉండాలన్న నిర్ణయంలో మాత్రం వరుసకు విలువ ఇవ్వాలి. ఈ రెండు పనులనూ ఒకే షరతుతో సాధించాలని చూసినప్పుడే చాలా సెర్చ్ అమరికలు చెడిపోతాయి.

ఇండెక్స్‌లో వరుస ఎక్కడ ఉంటుంది

ఫుల్‌టెక్స్ట్ సెర్చ్ ఇంజిన్ పత్రాలను చదివి, వాటిని పదాలుగా విడగొట్టి, ప్రతి పదానికీ ఎదురుగా ఆ పదం ఉన్న పత్రాల సంఖ్యల జాబితాను రాసిపెట్టుకుంటుంది. దీన్నే ఇన్వర్టెడ్ ఇండెక్స్ అంటారు. "పాస్‌వర్డ్", "మొబైల్" అనే రెండు పదాలూ ఉన్న పత్రాలు కావాలంటే ఆ రెండు జాబితాల్లోనూ ఉన్న సంఖ్యలను ఏరితే సరిపోతుంది. ఏ జాబితాను ముందు తీసినా ఉమ్మడి సంఖ్యలు మారవు కాబట్టి వరుసతో పని లేకపోవడం ఇక్కడ సహజ స్థితి, దాని కోసం ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు. పైగా ఇంజిన్ తనంతట తానే అన్నిటికన్నా అరుదైన పదం జాబితాతో మొదలుపెట్టి పని తగ్గించుకుంటుంది. వరుస కావాలనుకున్నప్పుడే అదనపు శ్రమ మొదలవుతుంది: ప్రతి పత్రంలో ఆ పదం ఎన్నో స్థానంలో ఉందో కూడా ఇండెక్స్‌లో దాచాలి, వెతికేటప్పుడు ఆ స్థానాలను తీసి పోల్చి చూడాలి.

డేటాబేస్‌లో లైక్ షరతుతో (అక్షరాల నమూనాను పోల్చే షరతు; అందులో శాతం గుర్తు ఉన్నచోట ఏ అక్షరాలైనా ఉండవచ్చు) వెతకడానికి అలవాటుపడిన వారికి ఇదంతా తలకిందులుగా కనిపిస్తుంది. "%పాస్‌వర్డ్%మొబైల్%" అని రాస్తే అది వరుసకు కట్టుబడిన షరతు. "మొబైల్‌లో పాస్‌వర్డ్" అన్న శీర్షిక దానికి దొరకదు. పదానికొక లైక్ రాసి వాటిని అండ్‌తో, అంటే అన్నీ నెరవేరాలన్న షరతుతో, కలిపితే వరుస సమస్య తీరుతుంది. అయితే మొదట్లో శాతం గుర్తు ఉన్న షరతుకు మామూలు ఇండెక్స్ ఉపయోగపడదు కాబట్టి, వెతికిన ప్రతిసారీ పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదవాల్సి వస్తుంది. కొన్ని వేల రికార్డుల పట్టికకు దీంతో నెట్టుకురావచ్చు, అంతకు మించితే మానుకోవడమే మంచిది.

పదాల వరుసలన్నిటినీ తయారుచేసి ఒక్కొక్కటీ వెతికే పద్ధతి కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. మూడు పదాలకు 6 వరుసలు, నాలుగింటికి 24, అయిదింటికి 120. ఇండెక్స్ ఉచితంగా ఇచ్చేదాన్ని ఇంత ఖర్చుపెట్టి కొనుక్కోవడం ఎందుకో నాకు అర్థం కాదు. ఇక పదాలను అక్షర క్రమంలో పేర్చి ఒకే తాళంచెవిగా దాచే పద్ధతి ఉంది. రెండు శీర్షికల్లో సరిగ్గా అవే పదాలు ఉన్నాయా, అంటే ఒకదానికొకటి నకళ్లా అని తేల్చడానికి అది చక్కగా పనిచేస్తుంది. సెర్చ్‌కు మాత్రం పనికిరాదు, ఎందుకంటే అక్కడ అడిగిన పదాలు పత్రంలోని పదాల్లో ఒక భాగం మాత్రమే.

అన్నీ ఉండాలా, కొన్ని ఉంటే చాలా

మొదటి ఎంపిక ఇది. ఇక్కడ పొరపాటుకు ఆస్కారం ఎక్కువ, ఎందుకంటే ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఒక్కో ఇంజిన్ ఒక్కో విధంగా ప్రవర్తిస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అనే ఇంజిన్‌లో మ్యాచ్ క్వెరీ (క్వెరీ అంటే వెతకమని ఇచ్చే అభ్యర్థన) పదాల మధ్య ఆర్ ఉన్నట్టు భావిస్తుంది: మూడు పదాల్లో ఏ ఒక్కటి ఉన్నా పత్రం ఫలితాల్లోకి వస్తుంది. 2021లో దాని నుంచి విడిపోయిన ఓపెన్‌సెర్చ్‌లోనూ అంతే. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని నేచురల్ లాంగ్వేజ్ మోడ్ కూడా ఏదో ఒక పదం ఉంటే చాలనుకుంటుంది. అందుకు భిన్నంగా స్ఫింక్స్, దాని నుంచి 2017లో పుట్టిన మాంటికోర్, ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోని ఎఫ్‌టీఎస్5 అనే సెర్చ్ భాగం, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ప్లెయిన్‌టూ టీఎస్‌క్వెరీ, వెబ్‌సెర్చ్ టూ టీఎస్‌క్వెరీ ఫంక్షన్లు, ఖాళీతో విడదీసిన పదాలన్నీ తప్పనిసరి అని అనుకుంటాయి. ఒక ఇంజిన్ నుంచి మరొక ఇంజిన్‌కు మారినప్పుడు "ఫలితాలు వందల్లో వస్తున్నాయి" అనో "అసలేమీ రావడం లేదు" అనో వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఈ తేడాదే.

అన్ని పదాలూ తప్పనిసరి చేయాలంటే ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఆపరేటర్‌ను అండ్‌గా మార్చాలి, సోలర్ అనే ఇంజిన్‌లో క్యూ.ఆప్ విలువను అండ్ చేయాలి, మైఎస్‌క్యూఎల్‌లో బూలియన్ మోడ్‌కు వెళ్లి ప్రతి పదం ముందూ కూడిక గుర్తు పెట్టాలి: "+పాస్‌వర్డ్ +మార్పు +మొబైల్". మైఎస్‌క్యూఎల్ వాడేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. బూలియన్ మోడ్ ఫలితాలను ప్రాధాన్యం ప్రకారం తనంతట తాను పేర్చదు, ఆ పని మీరే ఆర్డర్ బైతో చెప్పాలి. మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే ఇన్నోడీబీ రకం పట్టికల్లో 3 అక్షరాల కన్నా చిన్న పదాలు, ఎవరూ అమరిక మార్చకపోతే, ఇండెక్స్‌లోకే చేరవు.

అన్నీ తప్పనిసరి అన్న షరతు రెండు మూడు పదాల క్వెరీకి బాగా నప్పుతుంది. "మొబైల్ యాప్‌లో పాత పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పెట్టుకోవడం ఎలా" అని వాక్యం రాసే వారికి మాత్రం అది చేతులు ఖాళీగా పంపుతుంది, ఎందుకంటే అన్ని పదాలూ ఉన్న పత్రం ఉండే అవకాశం చాలా తక్కువ. ఇలాంటి చోట మినిమమ్ షుడ్ మ్యాచ్ అనే అమరిక ఆదుకుంటుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌లో "3<75%" అని ఇస్తే మూడు పదాల వరకూ అన్నీ తప్పనిసరి, అంతకు మించితే నూటికి 75 వంతులు ఉంటే చాలు. లెక్కలో వచ్చే భిన్నాన్ని కిందికి సరిచేస్తారు కాబట్టి నాలుగింట మూడు, అయిదింటా మూడే, ఎనిమిదింట ఆరు కావాలి. సోలర్‌లో ఇదే పని ఎమ్ఎమ్ అనే పారామీటర్ చేస్తుంది. మాంటికోర్‌లో పదాలను ఉల్లేఖన గుర్తుల్లో పెట్టి చివర గీత, సంఖ్య రాస్తే, ఉదాహరణకు "పాస్‌వర్డ్ మార్పు మొబైల్"/2 అంటే, మూడింట ఏవైనా రెండు ఉంటే చాలు. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూలైట్‌లో ఇంత సూటి మార్గం లేదు. పదాల జతలను మీరే ఆర్‌తో కలిపి రాసుకోవాలి, నాలుగు పదాలు దాటాక ఆ రాత చూడటానికే భయం వేస్తుంది.

మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్ లాంటి కొత్త ఇంజిన్ల సంగతి కొంచెం వేరు, మన విషయానికి అది ముఖ్యం కూడా. మెయిలీసెర్చ్‌లో మ్యాచింగ్ స్ట్రాటజీ అనే అమరిక ఏమీ మార్చకపోతే "లాస్ట్"గా ఉంటుంది: అన్ని పదాలూ ఉన్న పత్రాలు చాలినన్ని దొరకకపోతే క్వెరీ చివరి పదాన్ని వదిలేసి మళ్లీ చూస్తుంది, అప్పటికీ చాలకపోతే దాని ముందు పదాన్ని వదులుతుంది. టైప్‌సెన్స్ కూడా ఫలితాలు చాలనప్పుడు కుడి వైపు నుంచి పదాలను వదులుతూ వస్తుంది. అంటే "పాస్‌వర్డ్ మార్పు మొబైల్" అన్నవారికి మొబైల్ ఊడిపోతుంది, "మొబైల్ మార్పు పాస్‌వర్డ్" అన్నవారికి పాస్‌వర్డ్ ఊడిపోతుంది, ఇద్దరికీ వేరువేరు జాబితాలు వస్తాయి. పత్రంలోని వరుసను పట్టించుకోని ఇంజిన్ క్వెరీలోని వరుసను పట్టించుకుంటోందన్న మాట. వరుస లెక్కలోకి రాకూడదని మీరు గట్టిగా అనుకుంటే మెయిలీసెర్చ్‌లో ఆ అమరికను "ఆల్" చేయాలి, లేదా అరుదైన పదాలకు ప్రాధాన్యం ఇచ్చే "ఫ్రీక్వెన్సీ"కి మార్చాలి.

టైప్ చేస్తుండగానే ఫలితాలు చూపే పెట్టెల్లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. అక్కడ చివరి పదం సగమే పడి ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రం ప్రిఫిక్స్‌గా, అంటే పదం మొదటి భాగంగా, చూస్తారు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఈ పనికి మ్యాచ్ ఫ్రేజ్ ప్రిఫిక్స్, మ్యాచ్ బూల్ ప్రిఫిక్స్ అని రెండు క్వెరీలు ఉన్నాయి. మొదటిది పదాలు అదే వరుసలో పక్కపక్కన ఉండాలంటుంది, రెండోది వరుసను పట్టించుకోదు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదానికి బదులు ఇంకొకటి వాడేస్తుంటారు. మనకు కావలసింది రెండోది, అది కూడా ఆపరేటర్‌ను అండ్ చేసి. టైప్ చేస్తుండగా సూచనలిచ్చే కంప్లీషన్ సజెస్టర్ అయితే దాచిన మాట మొదటి అక్షరం నుంచే పోల్చుకుంటూ వస్తుంది కాబట్టి ఈ అవసరానికి దాని జోలికి పోనక్కరలేదు.

దగ్గరగా ఉండాలన్న షరతు

పత్రాలు చిన్నవైతే అన్ని పదాలూ ఉండటమే చాలు. వంద పేజీల మాన్యువల్‌ను ఒకే పత్రంగా ఇండెక్స్ చేసినప్పుడు ఆ షరతుకు అర్థం పోతుంది: మొదటి పేజీలో "మొబైల్", యాభయ్యో పేజీలో "మార్పు", చివరి పేజీలో "పాస్‌వర్డ్" ఉన్నా అది ఫలితమే అవుతుంది. అక్కడ వరుస లేకుండా సామీప్యాన్ని అడగాలి.

ఎలాస్టిక్‌సెర్చ్‌లోని మ్యాచ్ ఫ్రేజ్ క్వెరీకి స్లాప్ అనే విలువ ఇవ్వవచ్చు. ఇది పదాల మధ్య దూరమని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి క్వెరీలోని పదాలను పత్రంలోని స్థానాలకు చేర్చడానికి ఎన్ని జరుపుళ్లు కావాలన్న లెక్క. "పాస్‌వర్డ్ మార్పు" అని అడిగితే పత్రంలో "మార్పు పాస్‌వర్డ్" అని ఉందనుకోండి. పక్కపక్కనే ఉన్నా ఆ రెండూ చోట్లు మార్చుకోవడానికి స్లాప్ 2 కావాలి. మూడు పదాలు పూర్తిగా తిరగబడి ఉంటే స్లాప్ 4 కావాలి. స్లాప్ 1 ఇచ్చి "వరుస మారినా దొరుకుతుంది" అనుకోవడం ఒట్టి భ్రమ. అలాగని స్లాప్ పెంచుకుంటూ పోతే వరుస సరిగ్గా ఉన్న పత్రాల్లో మధ్య ఖాళీ విపరీతంగా పెరిగినా దొరకడం మొదలవుతుంది. వరుస మార్పునూ దూరాన్నీ ఒకే సంఖ్య మోస్తోంది కాబట్టి ఒకదాన్ని సడలించకుండా మరొకదాన్ని సడలించలేము.

అందుకే ఈ పనికి ఇంటర్వల్స్ క్వెరీ మేలు. అందులో ఆర్డర్డ్ అన్న అమరిక వేరు, మాక్స్ గ్యాప్స్ అన్న అమరిక వేరు. మొదటిది ఏమీ చెప్పకపోతే ఫాల్స్‌గానే ఉంటుంది, అంటే వరుస అక్కరలేదు. రెండోదానికి 5 అని ఇస్తే అడిగిన పదాల మధ్య అయిదుకు మించి వేరే పదాలు ఉండకూడదు. పాత స్పాన్ నియర్ క్వెరీలోనూ ఇన్ ఆర్డర్ అనే మీట ఉంది గానీ, దాని రాత పొడవు ఎక్కువ.

ఎస్‌క్యూలైట్ ఎఫ్‌టీఎస్5 ఇక్కడ తన స్థాయికి మించి పనిచేస్తుంది: నియర్(పాస్‌వర్డ్ మొబైల్, 5) అన్న ఒక్క ముక్క చాలు, వరుస అక్కరలేదు, సంఖ్య ఇవ్వకపోతే 10 అనుకుంటుంది. మాంటికోర్‌లో ఉల్లేఖన గుర్తుల తర్వాత అలల గుర్తు, సంఖ్య రాస్తే సరిపోతుంది. వరుస ఖచ్చితంగా కావాలనుకునేవారికి అక్కడ వేరే ఆపరేటర్ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ పట్టికలకు ఎట్ గుర్తుతో దూరం చెప్పే వీలుంది.

పోస్ట్‌గ్రెస్ మాత్రం ఈ విషయంలో వెనకబడే ఉంది. 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి పదాల స్థానాలను పోల్చే ఆపరేటర్ ఉన్నప్పటికీ అది వరుసకు కట్టుబడినది. అందులో ఇచ్చే సంఖ్య కూడా "ఇంతలోపు" అని కాక "సరిగ్గా ఇంత" అన్న అర్థం ఇస్తుంది. రెండు పదాలు అటూ ఇటూ మూడు స్థానాల లోపు ఉండాలంటే ఆరు షరతులు రాయాలి. పోస్ట్‌గ్రెస్‌తోనే కొనసాగాలనుకుంటే ఆ దారి వదిలి, పొడవైన పత్రాలను విభాగాలుగానో పేరాలుగానో విడగొట్టి, ప్రతి ముక్కనూ పట్టికలో ఒక రికార్డుగా దాచి, ఆ ముక్కల మీద మామూలు అండ్ షరతు పెట్టడం మంచిది. నిజానికి ఏ ఇంజిన్ వాడినా ఈ విడగొట్టడం మంచి అలవాటే. సామీప్య షరతులతో చేయాలనుకున్న పనిలో చాలా భాగం దానితోనే తీరిపోతుంది, ఫలితం చూపేటప్పుడు పాఠకుడిని నేరుగా సరైన విభాగానికి పంపవచ్చు కూడా.

పదాలు వేరువేరు ఫీల్డుల్లో ఉన్నప్పుడు

ఒక వ్యాసం శీర్షిక "పాస్‌వర్డ్ మార్పు", దాని వర్గం "మొబైల్" అనుకుందాం. శీర్షిక, వర్గం లాంటి ఒక్కో భాగాన్ని ఫీల్డు అంటారు. మూడు పదాలూ ఆ పత్రంలో ఉన్నాయి. అయినా ఎలాస్టిక్‌సెర్చ్‌లో శీర్షిక, వర్గం రెండింటి మీదా మల్టీ మ్యాచ్ క్వెరీ రాసి ఆపరేటర్‌ను అండ్ చేస్తే ఆ వ్యాసం దొరకదు. మామూలుగా వాడే బెస్ట్ ఫీల్డ్స్ రకం ఆ అండ్‌ను ఒక్కో ఫీల్డుకు విడివిడిగా వర్తింపజేస్తుంది. మూడు పదాలూ ఒకే ఫీల్డులో ఉంటే తప్ప ఒప్పుకోదు. వరుసకు సంబంధించిన లోపంలా కనిపిస్తూ, నిజానికి వరుసతో సంబంధమే లేని ఇబ్బంది ఇది.

దీనికి మూడు మందులున్నాయి. క్రాస్ ఫీల్డ్స్ రకం ఫీల్డులన్నిటినీ ఒకే పెద్ద ఫీల్డుగా భావించి పదం పదం చూస్తుంది. 7.13 వెర్షన్‌లో వచ్చిన కంబైన్డ్ ఫీల్డ్స్ క్వెరీ అదే పనిని మరింత పద్ధతైన స్కోరింగ్‌తో చేస్తుంది, కానీ ఆ ఫీల్డులన్నిటికీ ఒకే అనలైజర్ (పాఠాన్ని పదాలుగా విడగొట్టి ఇండెక్స్‌కు సిద్ధం చేసే భాగం) ఉండాలి. మూడోది కాపీ టు: ఇండెక్స్ చేసేటప్పుడే అన్ని ఫీల్డుల పాఠాన్నీ ఒక ఉమ్మడి ఫీల్డులో కూడా వేసి, దొరకడానికి సంబంధించిన షరతు మొత్తం దాని మీదే పెట్టడం. ఇండెక్స్ కొంత పెరుగుతుంది, అయినా నేను ఎక్కువగా సిఫారసు చేసేది దీన్నే, ఎందుకంటే ఏ పత్రం ఎందుకు దొరికిందో, ఎందుకు దొరకలేదో ఆరు నెలల తర్వాత చూసినవారికి కూడా వెంటనే అర్థమవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్‌ల వెక్టర్లను (ఇండెక్స్ కోసం తయారుచేసిన పదాల జాబితాలను) కలిపి ఒకటిగా దాచడం ఇదే పద్ధతి. పైగా సెట్‌వెయిట్‌తో శీర్షికకు ఎక్కువ బరువు ఇచ్చుకోవచ్చు. ఎస్‌క్యూలైట్‌లో ప్రత్యేకంగా కాలమ్ పేరు చెప్పనంతవరకూ అండ్ పట్టికలోని మొత్తం రికార్డుకు వర్తిస్తుంది కాబట్టి అక్కడ ఈ బాధే లేదు.

సోలర్ వాడేవారికి ఒక హెచ్చరిక. ఒక ఫీల్డులో స్టాప్‌వర్డ్‌లను (ఎక్కడ చూసినా కనిపించే అతి సాధారణ పదాలను) తీసేసి, మరో ఫీల్డులో ఉంచి, ఎమ్ఎమ్ విలువను 100 శాతం చేస్తే, క్వెరీలో స్టాప్‌వర్డ్ పడిన ప్రతిసారీ ఉన్నట్టుండి సున్నా ఫలితాలు రావచ్చు: ఆ పదం రెండో ఫీల్డులో మాత్రమే దొరకాల్సి వస్తుంది, అక్కడ అది ఉండదు. అన్ని ఫీల్డుల్లోనూ స్టాప్‌వర్డ్‌ల విషయంలో ఒకే నియమం పాటించండి.

వరుసకు ర్యాంకింగ్‌లో విలువ ఇవ్వడం

లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ 6వ వెర్షన్ నుంచి, దాని మీద నిలిచిన ఎలాస్టిక్‌సెర్చ్ 5.0 నుంచి బీఎమ్25 అనే సూత్రమే మామూలు స్కోరింగ్. పదం ఎంత అరుదైనది, పత్రంలో ఎన్నిసార్లు వచ్చింది, పత్రం ఎంత పొడవు అన్నవే అది చూస్తుంది. పదాల స్థానాలు దాని కంటికి కనపడవు. అందువల్ల "మార్పు" ఒకచోట, "పాస్‌వర్డ్" మరొకచోట చెదురుగా ఉన్న పత్రమూ, "పాస్‌వర్డ్ మార్పు" అని శీర్షికలోనే ఉన్న పత్రమూ పక్కపక్కన నిలబడే ప్రమాదం ఉంది. వరుసను వదిలేసినందుకు చెల్లించే మూల్యం ఇదే, దాన్ని తిరిగి రాబట్టుకోవడం తేలిక.

ఎలాస్టిక్‌సెర్చ్‌లో బూల్ క్వెరీ మస్ట్ భాగంలో వరుస లేని అండ్ షరతు పెట్టి, షుడ్ భాగంలో అవే పదాలతో కొంత స్లాప్ ఉన్న మ్యాచ్ ఫ్రేజ్ పెట్టండి. మస్ట్ దొరకడాన్ని నిర్ణయిస్తుంది. షుడ్ నెరవేరకపోయినా పత్రం పోదు, నెరవేరితే పైకి వస్తుంది. సోలర్‌లో ఈడిస్‌మాక్స్ అనే క్వెరీ పార్సర్‌లో పీఎఫ్, పీఎస్ పారామీటర్లు ఇదే పనికి పుట్టాయి. పత్రాలు కోట్లలో ఉంటే స్థానాల పోలిక అన్నిటి మీదా చేయకుండా రీస్కోర్ ద్వారా పై వంద, రెండు వందల ఫలితాలకే పరిమితం చేయవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో టీఎస్ ర్యాంక్ సీడీ పదాల సామీప్యాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, అయితే అక్కడ ఫుల్‌టెక్స్ట్‌కు వాడే జిన్ రకం ఇండెక్స్‌లో స్థానాలు ఉండవు కాబట్టి ఆ ర్యాంకు కట్టడానికి దొరికిన ప్రతి రికార్డునూ తెరిచి చదవాలి. లక్ష పత్రాలు దొరికే సాధారణ పదాల క్వెరీలో అది నిదానిస్తుంది. మెయిలీసెర్చ్‌లో ప్రాక్సిమిటీ అన్నది ముందే ఉన్న ర్యాంకింగ్ నియమాల్లో ఒకటి, మీరు చేయవలసింది ఏమీ లేదు.

తెలుగు పాఠ్యమైతే

అన్ని పదాలూ ఉండాలన్న షరతు తెలుగులో ఇంకా కఠినంగా మారుతుంది. "మొబైల్‌లో పాస్‌వర్డ్‌ను మార్చడం ఎలా" అన్న వ్యాసంలో "మొబైల్" లేదు, "మొబైల్‌లో" ఉంది. "పాస్‌వర్డ్" లేదు, "పాస్‌వర్డ్‌ను" ఉంది. "మార్పు" అసలే లేదు. విభక్తులు పదానికి అతుక్కుపోతాయి కాబట్టి స్టెమ్మింగ్ (పదాన్ని దాని మూలరూపానికి కుదించడం) లేని ఇండెక్స్‌లో మన మూడు పదాల క్వెరీకి ఈ వ్యాసం దొరకదు, వరుస ఎంత సడలించినా దొరకదు. లూసీన్‌లో తెలుగు అనలైజర్ ఉంది, ముందు దాన్ని మీ పాఠ్యం మీద ప్రయత్నించండి. అది చాలనిచోట ప్రతి పదాన్నీ ప్రిఫిక్స్‌గా వెతకడం ఒక మధ్యే మార్గం: "మొబైల్*" అంటే "మొబైల్‌లో" దొరుకుతుంది, "మార్పు*"కు మాత్రం "మార్చడం" దొరకదు, దానికి పర్యాయపదాల జాబితా తప్పదు.

పదం మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే అక్షరం) కూడా ఇబ్బంది పెడుతుంది. "పాస్‌వర్డ్" అని టైప్ చేసిన వారిలో కొందరి కీబోర్డు ఆ అక్షరాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. లూసీన్ స్టాండర్డ్ టోకెనైజర్ (పాఠాన్ని పదాలుగా విడగొట్టే భాగం) దృష్టిలో అవి రెండు వేరువేరు పదాలు. క్యారెక్టర్ ఫిల్టర్‌తో దాన్ని ఇండెక్స్ వైపూ, క్వెరీ వైపూ తీసేయాలి.

ఎస్‌క్యూలైట్‌లో ఇంతకన్నా పెద్ద గండం ఉంది. ఎఫ్‌టీఎస్5లో మామూలుగా ఉండే యూనికోడ్61 టోకెనైజర్ అక్షరాలనూ అంకెలనూ మాత్రమే పదంలో భాగంగా చూస్తుంది. గుణింతపు గుర్తులు, పొల్లు దాని దృష్టిలో విభజన చిహ్నాలు. "కోటు" అన్న పదం "క", "ట" అనే రెండు ముక్కలవుతుంది, "కాటు" కూడా అవే రెండు ముక్కలు, "కూటి" కూడా అంతే. ఒకటి వెతికితే మూడూ వస్తాయి, ఇంజిన్ ఏ తప్పూ చూపదు. పట్టిక సృష్టించేటప్పుడే టోకెనైజర్ కేటగిరీల జాబితాలో గుణింతపు గుర్తులు, పొల్లు చేరే ఎమ్ఎన్, ఎమ్‌సీ అనే యూనికోడ్ వర్గాలు రెండింటినీ చేర్చితే ఈ చిక్కు వదులుతుంది. తర్వాత గుర్తొస్తే ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టాలి.

ఏది ఎవరికి

మీ డేటా ఇప్పటికే పోస్ట్‌గ్రెస్‌లో ఉండి, పత్రాలు లక్షల్లోనే ఉండి, క్వెరీలు చిన్నవైతే వేరే ఇంజిన్ తెచ్చుకోవద్దు. వెబ్‌సెర్చ్ టూ టీఎస్‌క్వెరీ, కలిపిన వెక్టర్, జిన్ ఇండెక్స్ చాలు. 2018 నాటి వెర్షన్ 11 నుంచి ఆ ఫంక్షన్ ఉంది, వాడుకరి ఏ పిచ్చి గుర్తులు టైప్ చేసినా అది ఎర్రర్ ఇవ్వదు. ఫోన్‌లోనో డెస్క్‌టాప్‌లోనో నడిచే అప్లికేషన్‌కు ఎఫ్‌టీఎస్5 కన్నా మెరుగైనది వెతకనక్కరలేదు, టోకెనైజర్ సంగతి సరిచూసుకుంటే. మైఎస్‌క్యూఎల్ ఫుల్‌టెక్స్ట్‌ను ఉన్నచోట వాడుకోవడమే తప్ప దాని కోసం మైఎస్‌క్యూఎల్‌కు వెళ్లాలని ఎవరికీ చెప్పను.

వాక్యాల్లాంటి పొడవైన క్వెరీలు, పలు ఫీల్డులు, పలు భాషలు, ర్యాంకింగ్ మీద పూర్తి పట్టు కావాలంటే ఎలాస్టిక్‌సెర్చ్, ఓపెన్‌సెర్చ్, సోలర్‌లలో ఏదైనా ఒకటే. మూడింటికీ పునాది 1999లో డగ్ కటింగ్ మొదలుపెట్టిన లూసీనే కాబట్టి, వరుసకు సంబంధించినంతవరకూ వాటి శక్తిలో పెద్ద తేడా లేదు, మీ బృందానికి ఏది నడపడం వచ్చో అదే ఎంచుకోండి. పొడవైన పత్రాల్లో సామీప్యం ప్రధానమైతే మాంటికోర్ ఆపరేటర్లు అన్నిటికన్నా క్లుప్తంగా ఉంటాయి. ఉత్పత్తుల జాబితా లాంటి చిన్న పత్రాలు, అక్షరదోషాలతో టైప్ చేసే వాడుకరులు, తక్కువ నిర్వహణ కావాలంటే మెయిలీసెర్చ్ లేదా టైప్‌సెన్స్ సరిపోతాయి, పదాలను వదిలే అమరికను ముందే తేల్చుకుంటే.

ఏది ఎంచుకున్నా పరీక్ష ఒకటి పెట్టండి. వాడుకరులు నిజంగా టైప్ చేసిన క్వెరీల్లోంచి మూడు పదాలవి కొన్ని ఏరి, ఒక్కోదాన్నీ ఆరు వరుసల్లోనూ నడిపి, దొరికిన పత్రాల సంఖ్యను పోల్చండి. ఆరింటిలోనూ ఒకే సంఖ్య రావాలి. రాకపోతే ఎక్కడో ఫ్రేజ్ షరతు దూరిందనో, చివరి పదం ప్రిఫిక్స్‌గా మారుతోందనో, పదాలు వదిలే అమరిక పనిచేస్తోందనో అర్థం. మొదటి పది ఫలితాల వరుస మాత్రం ఆరింటిలో కాస్త కాస్త మారుతూ ఉండాలి. అది కూడా మారకుండా ఉంటే ర్యాంకింగ్‌లో వరుసకు మీరు ఇచ్చామనుకున్న విలువ క్వెరీలోకి చేరలేదు. షుడ్ భాగం తప్పు ఫీల్డు మీద ఉందేమో, ఆ ఫీల్డులో స్థానాలు దాచడం ఆపేశారేమో చూడండి.